చెవి మిషన్ ఖర్చు ఆపరేషన్‌తో అయిపోదు

(కాక్లియర్ ఇంప్లాంట్ దినోత్సవం నాడు విజయవాడలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, బీమా క్లెయిమ్‌ల విభాగంలో పనిచేసి రిటైరైన ఒక అధికారిణి చేసిన ప్రసంగం. రికార్డింగ్ నుంచి రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలకు వినిపిస్తోందా? ఈ హాల్లో ఆ ప్రశ్న అడగడానికి కాస్త ధైర్యం కావాలి. (నవ్వులు)

డాక్టరుగారు ఇందాక లోపలి చెవి సంగతి, అందులో నత్తగుల్లలా ఉండే కాక్లియా సంగతి బొమ్మలు వేసి మరీ చెప్పారు. నా వంతుకి డబ్బు సంగతి మిగిలింది. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ క్లెయిమ్ కాగితాలు చూశాను. ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఇవ్వకూడదు అని సంతకం పెట్టినదాన్ని. తర్వాత మా ఇంట్లో మనవడికే ఇంప్లాంట్, అంటే వినపడనివాళ్లకు ఆపరేషన్ చేసి పెట్టే చెవి మిషన్, పెట్టించాల్సి వచ్చింది. అలా బల్లకు అటు వైపూ కూర్చున్నాను, ఇటు వైపూ కూర్చున్నాను.

ఈ రోజు ఫిబ్రవరి 25 కదా. ఈ తేదీనే ఎందుకంటే, 1957లో ఇదే రోజున ప్యారిస్‌లో ఆండ్రే జూర్నో, షార్ల్ ఎయ్రియెస్ అనే ఇద్దరు కలిసి, రెండు చెవులూ వినపడని ఒక మనిషికి లోపల చిన్న పరికరం పెట్టి, కరెంటుతో చెవి నరానికి శబ్దం తెలిసేలా చేశారు. అది గొప్ప సంగతే. కానీ ఆ పరికరం కొన్ని వారాలకే పాడైంది. ఇంకొకటి పెట్టారు, అదీ పాడైంది. అంటే ఈ వైద్యం పుట్టినప్పుడే దీని రిపేరు కూడా పుట్టిందన్నమాట. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, నేను చెప్పబోయేదంతా ఆ రిపేరు గురించే.

తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి మొదట అడిగేది ఒకటే. "అమ్మా, ఆపరేషన్‌కి డబ్బెక్కడ దొరుకుతుంది?" ఆపరేషన్‌కి డబ్బు దొరుకుతుంది. కష్టపడి తిరగాలి, కానీ మన రెండు రాష్ట్రాల్లోనూ దారులున్నాయి. ఆ తర్వాత పదేళ్లకు, ఇరవై ఏళ్లకు అయ్యే ఖర్చుకే దారి తక్కువ. కాబట్టి ముందు బిల్లును విడదీసి చూద్దాం.

ఇంప్లాంట్‌లో రెండు భాగాలు. ఒకటి చర్మం కింద, ఎముకలో కూర్చునేది. రెండోది శబ్దాన్ని పట్టి లోపలికి పంపే ప్రాసెసర్, చెవి వెనక పెట్టుకుంటారు. దానికి తలకు అంటుకుని ఉండే కాయిల్, కేబుల్, బ్యాటరీ. మోడల్‌ని బట్టి మన దేశంలో ఒక చెవికి పరికరమే సుమారు ఐదారు లక్షల నుంచి మొదలై పన్నెండు లక్షలు కూడా దాటుతుంది. దానికి ఆపరేషన్ ఖర్చు, ఆస్పత్రి ఖర్చు కలుస్తాయి. అంతకుముందు వినికిడి తేల్చే బెరా పరీక్ష, సీటీ, ఎమ్మారై. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా న్యుమోకోకల్ టీకా. ఇవన్నీ ఆపరేషన్ రోజు వరకు.

ఆపరేషన్ రోజున బిడ్డకు ఏమీ వినపడదు. ఈ ముక్క కొందరికి ఆ రోజు దాకా ఎవరూ చెప్పరు, పాపం. కుట్లు మానాక, మూడు నాలుగు వారాలకు స్విచ్ ఆన్ చేస్తారు. అక్కణ్ణుంచి మ్యాపింగ్. బిడ్డ చెవికి ఎంత శబ్దం చాలు, ఎంత ఎక్కువ అని కంప్యూటర్‌తో సరిచేయడం. మొదటి ఏడాది మాటిమాటికీ, తర్వాత ఏటా. దాంతోపాటు థెరపీ, అంటే బిడ్డకు వినడం, మాట్లాడడం నేర్పించడం. వారానికి ఒకటో రెండో సెషన్లు, రెండు మూడేళ్లు. థెరపిస్టు పట్నంలో ఉంటుంది, మీరు ఊళ్లో ఉంటారు. బస్సు చార్జీలు, లేదా పట్నంలో అద్దె గది. చాలా ఇళ్లలో తల్లి ఉద్యోగమో, కూలి పనో మానేస్తుంది. ఆ పోయిన జీతాన్ని ఏ పథకమూ ఖర్చు కింద లెక్కకట్టదు.

ఇక పరికరం సంగతి. లోపలి భాగానికి కంపెనీలు మామూలుగా పదేళ్ల వారంటీ ఇస్తాయి. అది పాడవడం అరుదు. బయటి ప్రాసెసర్‌కు వారంటీ అందులో సగం కూడా ఉండకపోవచ్చు. వారంటీ అయిపోయాక కేబుల్ తెగితే మీ డబ్బు, కాయిల్ పోతే మీ డబ్బు. కొన్నేళ్లకు కంపెనీయే ఆ మోడల్‌ని ఆపేసి "ఇక విడిభాగాలు దొరకవు" అంటుంది. అప్పుడు కొత్త ప్రాసెసర్, అది మళ్లీ లక్షల్లో ఉంటుంది. రెండేళ్ల బిడ్డకు పెట్టించామంటే వాడి జీవితంలో ఇలాంటివి ఎన్ని కొనాలో మీరే లెక్క వేసుకోండి.

పొలంలో బోరు వేయించినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. బోరు వేయడానికి సబ్సిడీ వస్తుంది, ఎమ్మెల్యే వచ్చి కొబ్బరికాయ కొడతాడు. మోటారు కాలిపోయినప్పుడు ఎవడూ రాడు. (నవ్వులు, చప్పట్లు)

అందుకే ఎవరైనా "మాకు కవరేజీ ఉందా" అంటే నేను తిరిగి అడుగుతాను, దేనికి? ఎంతకాలానికి? ఈ రెండూ తేలకుండా "ఉంది" అన్న మాటకు అర్థం లేదు.

ముందు మన ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. ఆ తర్వాత రాష్ట్రమంతా. పేరు రాజీవ్ ఆరోగ్యశ్రీ అయింది, ఎన్టీఆర్ వైద్య సేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, ఇక్కడ 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్య సేవ అయింది. కార్డు మీద పేరు చూసి కంగారు పడకండి, పాత ఫైలు నంబరు మాత్రం జాగ్రత్తగా పెట్టుకోండి. చిన్నపిల్లల కాక్లియర్ ఇంప్లాంట్ ఉమ్మడి రాష్ట్రంలోనే ఇందులో చేరింది. దేశంలో చాలా రాష్ట్రాలు ఆ ఆలోచన కూడా చేయని రోజులవి, ఆ గొప్పతనం ఒప్పుకోవాలి.

అప్పటి ప్యాకేజీ ఎలా ఉండేదో చెప్తాను. మొత్తం 6.50 లక్షలు. అందులో 5.20 లక్షలు పరికరానికి, ఆపరేషన్‌కి. 1.30 లక్షలు ఏడాది థెరపీకి. థెరపీకి విడిగా డబ్బు కేటాయించడం చాలా మంచి పని, అది లేకపోతే ఆపరేషన్ వృథా. కానీ చూడండి, ఏడాది. ఏడాది తిరిగేసరికి చాలామంది పిల్లలు ఇంకా రెండు మూడు మాటల దగ్గరే ఉంటారు. ఆ తర్వాత? విడిభాగాలకు? ఆ ప్యాకేజీని రాసినవాళ్లు ఆపరేషన్‌ని రోగంలా చూశారు. వచ్చింది, తగ్గింది, డిశ్చార్జ్. ఇది అలాంటిది కాదు, మోకాలి చిప్ప మార్చినట్టు ఒకసారితో తెగే పని కాదు.

ఇంకో పొరపాటు లెక్క చాలామంది వేస్తారు. 2023 డిసెంబర్‌లో తెలంగాణ ఆరోగ్యశ్రీ పరిమితిని 10 లక్షలకు పెంచింది, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ 25 లక్షలకు పెంచింది. "అయితే మా బాబుకు 25 లక్షల మిషన్ వస్తుందా అమ్మా" అని అడిగారు నన్ను. రాదు నాయనా. అది కుటుంబానికి ఉన్న పైహద్దు. ఒక్కో చికిత్సకు ప్యాకేజీ రేటు వేరే ఉంటుంది, ఆస్పత్రికి అంతే ముడుతుంది. మిషన్ ఏ మోడలో కూడా ఆ రేటే తేలుస్తుంది. మీ కార్డు మీద ఉన్న పెద్ద అంకె కాదు, ప్యాకేజీ జాబితాలోని చిన్న అంకె చూడాలి.

పని ఎలా సాగుతుందంటే, నెట్‌వర్క్ ఆస్పత్రిలో పథకం తరఫున సాయం చేసే ఆరోగ్యమిత్ర కూర్చుని ఉంటారు. ఆ మనిషితో మంచిగా ఉండండి. (నవ్వులు) పరీక్షల రిపోర్టులు, రేషన్ కార్డు, బిడ్డ ఆధార్ అన్నీ పెట్టి వాళ్లు ప్రీ-ఆథరైజేషన్‌కి, అంటే ముందస్తు అనుమతికి పంపుతారు. అది రాకుండా ఆపరేషన్ తేదీ ఖాయం కాదు. వచ్చాక ఆస్పత్రి మీ దగ్గర పైకం అడగకూడదు. అడిగితే 104కి ఫోన్ చేయండి. ఏ ఆస్పత్రిలో ఇంప్లాంట్ చేస్తారో ముందే కనుక్కోండి, నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఆస్పత్రీ చేయదు. హైదరాబాద్‌లో అయితే కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ప్రభుత్వానిదే, అక్కడా చేస్తారు.

రెండో దారి కేంద్రానిది, అడిప్ పథకం. వికలాంగులకు పరికరాలిచ్చే పాత పథకమే, దానిలో ఇంప్లాంట్‌కి 2014 నుంచి చోటు దొరికింది. దేశం మొత్తం మీద ఏడాదికి 500 మంది పిల్లలు. మొదట ఒక్కొక్కరికి 6 లక్షలు హద్దు, తర్వాత 7 లక్షలు చేశారు. పుట్టుకతో వినపడని పిల్లలకు ఐదేళ్ల లోపు ఉండాలి. మాటలు వచ్చాక వినికిడి పోయినవాళ్లకు 18 ఏళ్ల వరకు వీలుంది. కుటుంబ ఆదాయం నెలకు 22,500 లోపుంటే పూర్తి సాయం, 30,000 లోపుంటే సగం. దీన్ని నడిపేది ముంబైలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ. దాని ప్రాంతీయ కేంద్రం మనకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోనే ఉంది. ఆ కేంద్రానికి ఒకసారి వెళ్లి రండి. అక్కడ పరీక్షలు చేస్తారు, థెరపీ ఉంది, దరఖాస్తు ఎలా పెట్టాలో కూడా చెప్తారు.

దేశానికి 500 అంటే ఎంత తక్కువో చూడండి. వెయ్యి మంది పిల్లలు పుడితే ఒకరిద్దరికి తీవ్రమైన వినికిడి లోపం ఉంటుందంటారు. మన వైపు మేనరికాలు కూడా ఎక్కువ. నేను ఎవరి పెళ్లినీ తప్పుపట్టడం లేదు, మాదీ మేనరికమే. కాబట్టి వరుసలో నిలబడాల్సిందే. కానీ ఇక్కడే అసలు చిక్కు. బిడ్డ మెదడు వరుసలో నిలబడదు. పుట్టిన నెలలోపు వినికిడి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి యంత్రం, థెరపీ. ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క ఇది. మొదటి మూడు, మూడున్నరేళ్లలో వినని మెదడుకు తర్వాత వినిపించినా మాట కుదరడం చాలా కష్టం.

అందుకే నా సలహా ఇది. రెండు చోట్లా ఒకేసారి దరఖాస్తు పెట్టండి. రెండు చోట్లా పెట్టానని రెండు చోట్లా చెప్పండి. ఎవరు ముందు పిలిస్తే వాళ్ల దగ్గర చేయించుకుని, రెండోది రద్దు చేసుకోండి. అందులో తప్పేమీ లేదు. పిలుపు వచ్చేలోపు హియరింగ్ ఎయిడ్ పెట్టించి థెరపీ మొదలుపెట్టండి. ఎలాగూ ఇంప్లాంట్‌కి ముందు కొన్ని నెలలు హియరింగ్ ఎయిడ్ వాడి చూడమంటారు. ఆ నెలలు దరఖాస్తు నడిచే నెలలతో కలిసిపోతాయి. ఊళ్లో అంగన్‌వాడీకి వచ్చే ఆర్బీఎస్‌కే బృందం, అంటే పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ బృందం ఉంది కదా, 2013లో మొదలైంది. వాళ్ల జాబితాలో పుట్టు చెవుడు కూడా ఒకటి. వాళ్లచేత రిఫరల్ రాయించుకుంటే ఫైలుకు బలం. వైకల్యం ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్‌కి స్లాట్ కూడా ఇప్పుడే బుక్ చేయండి. కేంద్రం వికలాంగులకు ఇచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు కూడా తీసుకోండి.

ఇప్పుడు నా సొంత ఇలాకాకు వస్తాను. ప్రైవేటు ఆరోగ్య బీమా.

రేషన్ కార్డు లేనివాళ్లు, ఆదాయం కాస్త ఎక్కువ ఉన్నవాళ్లు ఇక్కడికే వస్తారు. చాలామందికి టెన్షన్ మొదలయ్యేదీ ఇక్కడే. ఒక్క మాట గుర్తుంచుకోండి. పాలసీ పుస్తకంలో "కాక్లియర్" అనే పదం ఎక్కడుందో వెతకండి. ప్రయోజనాల పేజీలో కాదు, మినహాయింపుల పేజీలో. కొన్ని పాలసీల్లో కళ్లజోడు, హియరింగ్ ఎయిడ్, కాక్లియర్ ఇంప్లాంట్ ఇవ్వబడవని ఒకే వాక్యంలో ఉంటుంది. ఆ వాక్యం ఉంటే ఆ పాలసీ మీకు పనికిరాదు, ఏజెంటు ఎంత తియ్యగా చెప్పినా సరే. ఆ పదం లేకపోతే అప్పుడు మిగతా మాటలు మాట్లాడొచ్చు.

కంపెనీ మొదట పట్టుకునేది "పుట్టుకతో వచ్చింది" అన్న కారణం. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దీన్ని రెండుగా విడదీసింది. శరీరం పైన కంటికి కనిపించే లోపం బాహ్య లోపం, చాలా పాలసీలు దానికి ఇవ్వవు. కనిపించని లోపం అంతర్గత లోపం, దాన్ని మిగతా జబ్బుల్లాగే చూస్తాయి, వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వకుండా ఆపే కాలం, ఉంటే ఉంటుంది. కాక్లియా కణత ఎముక లోపల ఎక్కడో ఉంది. అది కంటికి కనిపించేదెలా అవుతుంది? క్లెయిమ్ తిరస్కరించిన లేఖలో "కంజెనిటల్" అని మాత్రమే ఉంటే, బాహ్యమా అంతర్గతమా రాసివ్వమని అడగండి. చాలా ఫైళ్లు ఆ ఒక్క ప్రశ్నతో కదులుతాయి. నేను లోపల కూర్చుని చూసిన మాట ఇది.

తర్వాత ప్రీ-ఎగ్జిస్టింగ్. పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ ఇదివరకు నాలుగేళ్ల దాకా ఉండేది. 2024 నుంచి మూడేళ్లకు మించకూడదు. బిడ్డకు మూడేళ్లు ఆగడమంటే ఎంతో ఇందాకే చెప్పుకున్నాం. అందుకని విషయం తెలిశాక కొత్త పాలసీ తీసుకుని ఇంప్లాంట్ చేయించుకుందాం అనుకోవడం కుదిరే పని కాదు. దాచిపెట్టి తీసుకుందామనుకుంటే అసలే వద్దు. బెరా రిపోర్టు మీద తేదీ ఉంటుంది.

ఉద్యోగం ఇచ్చిన కంపెనీ గ్రూప్ పాలసీ మాత్రం వేరు. చాలావాటిలో ముందునుంచీ ఉన్న జబ్బుకు కూడా మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది. బిడ్డ పుట్టగానే పేరు చేర్పించాలి, దానికి గడువు ఉంటుంది, తరచుగా ముప్పై రోజులు. పురుడు సందడిలో, బారసాల పనుల్లో ఆ గడువు దాటిపోతుంది. మీ అబ్బాయో అల్లుడో బెంగళూరులో, హైదరాబాద్‌లో పనిచేస్తుంటే ఇవాళే ఫోన్ చేసి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టమనండి. కాక్లియర్ ఇంప్లాంట్ ఉందా, ఉంటే సబ్-లిమిట్, అంటే దీనికి మాత్రమే పెట్టిన హద్దు ఎంత, బయటి ప్రాసెసర్ కూడా కలుస్తుందా అని. ఫోన్లో వద్దు, మెయిల్‌లో అడగాలి, జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి.

ఆ మూడో ప్రశ్న ఎందుకంటే, ఆస్పత్రి బిల్లులో "ఇంప్లాంట్ సిస్టమ్" అని ఒకే వరుసలో రాస్తే ఒక విధంగా చూస్తారు. "ప్రాసెసర్" అని విడిగా రాస్తే, ఇది శరీరం బయట పెట్టుకునేది, బాహ్య పరికరం అని కొట్టేస్తారు. లోపలిది బయటిది లేకుండా పనిచేయదు, బయటిది లోపలిది లేకుండా పనిచేయదు. రెండూ కలిసి ఒకే వైద్య పరికరం అని సర్జన్ చేత లెటర్‌హెడ్ మీద రాయించి, క్లెయిమ్‌తో పాటే పెట్టండి. తిరస్కరించాక పెట్టడం వేరు, ముందే పెట్టడం వేరు. మా మనవడి ఫైలులో మొదట ప్రాసెసర్ డబ్బులు కోసేశారు. కంపెనీ పేరు చెప్పను. ఆ కోత పెట్టిన కుర్రాడికి బహుశా నేనే ట్రైనింగ్ ఇచ్చి ఉంటాను. (నవ్వులు)

ఇంకొకటి. పాలసీలో గది అద్దెకు హద్దు ఉండి, మీరు అంతకంటే ఖరీదైన గది తీసుకుంటే, మిగతా బిల్లు కూడా ఆ నిష్పత్తిలో తగ్గిస్తారు. కానీ ఇంప్లాంట్ ధర, మందుల ధర మీద ఆ కోత వేయకూడదని 2020లోనే ఐఆర్‌డీఏఐ చెప్పింది. పది లక్షల పరికరం మీద నిష్పత్తి కోత వేస్తే ఎంత పోతుందో ఊహించండి. అలా వేశారా లేదా అన్నది సెటిల్‌మెంట్ షీట్‌లో చూసుకోండి. ఎవరూ చూడరు ఆ షీట్‌ని, వచ్చిందే చాలనుకుంటారు.

కంపెనీ కాదన్నా ఆటంతా అయిపోలేదు. ముందు కంపెనీ గ్రీవెన్స్ (ఫిర్యాదుల) విభాగానికి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా తగవులు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. మన రెండు రాష్ట్రాలకు, యానాంకు ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, మీరే మాట్లాడొచ్చు. కంపెనీ తుది జవాబిచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి.

అమెరికాలో పిల్లలున్న తాతయ్యలు, అమ్మమ్మలు కూడా ఇక్కడ ఉన్నారని చెప్పారు. అక్కడ పుట్టిన ఆస్పత్రిలోనే వినికిడి పరీక్ష చేసి పంపుతారు, చాలా బీమాలు ఇంప్లాంట్‌కి ఇస్తాయి. అక్కడి లెక్క వేరు. ఏడాదిలో మన జేబులోంచి పోయే మొత్తానికి ఒక హద్దు ఉంటుంది, అది దాటాక నెట్‌వర్క్‌లో జరిగే మిగతా ఖర్చు కంపెనీది. కాబట్టి రెండు చెవులకూ అవసరమైతే, డాక్టరు సరేనంటే, ఒకే పాలసీ ఏడాదిలో ముగించడం లాభం. ఇక్కడికి తిరిగి వచ్చేసే ఆలోచన ఉంటే మాత్రం, ఆ మోడల్‌కి ఇక్కడ మ్యాపింగ్ చేసే సెంటర్ ఉందా అని ముందే కనుక్కోమనండి.

ఇక డబ్బు మన చేతి నుంచే పెట్టాల్సిన భాగం. ఇక్కడ నా అభిప్రాయం కొంచెం గట్టిగా చెప్తాను, డాక్టరుగారు ఏమనుకోరనుకుంటాను. పైమోడల్ కోసం పొలం అమ్మకండి. పొలం అమ్మి అన్నిటికంటే ఖరీదైనది పెట్టించి, తర్వాత థెరపీకి వెళ్లడానికి డబ్బుల్లేక ఆపేసిన ఇళ్లను చూశాను. ప్రభుత్వం ఇచ్చిన మామూలు మిషన్‌తో, వారం తప్పకుండా థెరపీకి తిప్పిన తల్లి కొడుకు ఇవాళ ఇంటర్ తెలుగు మీడియంలో చదువుతున్నాడు, ఫోన్లో మాట్లాడతాడు. రెండు లక్షలు అదనంగా ఉన్నాయా? పోస్టాఫీసులో బిడ్డ పేరున వేయండి, ప్రాసెసర్ మార్చే రోజుకు. నెలకు కొద్దిగా అయినా దాచండి. ఆపరేషన్ కంటే ముందే ఆ ఖాతా తెరవండి.

పన్ను కట్టేవాళ్లకు ఒక చిన్న ఊరట. మీ మీద ఆధారపడ్డ బిడ్డకు 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉంటే ఏడాదికి 75,000, 80 శాతం లేదా అంతకుమించి ఉంటే 1,25,000 ఆదాయంలోంచి మినహాయింపు. బిల్లులు చూపించక్కర్లేదు, సర్టిఫికెట్ చాలు. కానీ అది పాత పన్ను విధానంలోనే. కొత్త విధానానికి మారేముందు ఆడిటర్‌తో లెక్క వేయించండి.

సరే, ప్రశ్నలు అడగండి.

ప్రశ్న (ఒక తల్లి): ఒక చెవికి చాలా అండీ, రెండూ చేయించాలా?

డాక్టరుగారు చెప్పాల్సిన జవాబు, నేను డబ్బు వైపు నుంచి చెప్తాను. రెండు చెవులతో వింటే శబ్దం ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, గోలలో కూడా మాట అందుతుంది. బ్రిటన్‌లో అయితే 2009 నుంచి తీవ్రంగా వినపడని పిల్లలకు రెండూ ఒకేసారి ప్రభుత్వ ఖర్చుతో పెడతారు, తర్వాత ప్రాసెసర్లు కూడా వాళ్లే చూసుకుంటారు. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో తర్వాత రెండు చెవులకూ వీలు కల్పించారు, అడిప్‌లో ఒక చెవికే. రెండోది ఉచితంగా వస్తుంటే వదులుకోవద్దు తల్లీ. కానీ రెండు మిషన్లంటే రెండు కేబుళ్లు, రెండు కాయిళ్లు, రెండు ప్రాసెసర్లు. ఆ ఖర్చు కూడా రెండింతలు. ఒకటే వస్తే రెండో చెవికి హియరింగ్ ఎయిడ్ తీసేయకండి, దానివల్ల ఎంతో కొంత సాయం ఉంటుంది.

ప్రశ్న (ఒక పెద్దాయన): నాకు అరవై రెండు. మూడేళ్లుగా రెండు చెవులూ పోయాయి. పెద్దవాళ్లకు ఏమీ లేదా అమ్మా?

అయ్యా, నిజం చెప్పాలంటే పెద్దవాళ్లను అందరూ మర్చిపోయారు. పథకాలన్నీ పిల్లల చుట్టూనే. మీరు ఏం చేసేవారు? ... రైల్వేలోనా! అయితే ఇంకేం, రైల్వే ఆస్పత్రి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించి రిఫరల్ అడగండి. మిగతా కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు వాళ్ల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్‌లో కాక్లియర్ ఇంప్లాంట్‌కి రేటు ఉంది. అక్కడ నిపుణుల కమిటీ చూసి అనుమతి ఇస్తుంది. ప్రైవేటు పాలసీ ముందునుంచీ ఉండి, తర్వాత వినికిడి పోతే, అది పుట్టుకతో వచ్చినది కాదు కాబట్టి కంజెనిటల్ అనే గొడవే లేదు. మినహాయింపుల పేజీ ఒక్కటి చూసుకోవాలి. ఇవేవీ లేనివాళ్లకు ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది. దానికి ఎమ్మెల్యే లేఖ, ఆస్పత్రి అంచనా పత్రం కావాలి. మొత్తం వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. ఆన్‌లైన్‌లో విరాళాలు అడిగేవాళ్లు, డబ్బు నేరుగా ఆస్పత్రి ఖాతాలోకి వెళ్లేలా చూసుకోండి. ఆ వెబ్‌సైటు ఎంత కమిషన్ తీసుకుంటుందో ముందే అడగండి.

ప్రశ్న (ఒక తండ్రి): మా పాపకు సెరిబ్రల్ పాల్సీ కూడా ఉందండి. థెరపీకి ఏమైనా వస్తుందా?

మంచి ప్రశ్న. వికలాంగుల కోసం పనిచేసే కేంద్ర సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ అని ఒక బీమా ఉంది. లక్ష రూపాయల దాకా కవర్, థెరపీలకు కూడా ఇస్తుంది, ముందునుంచీ ఉన్న జబ్బు అని కాదనదు. వినికిడి లోపం ఒక్కటే ఉన్న పిల్లలకు అది రాదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకే. మీ పాపకు వస్తుంది. ఏటా రెన్యూవల్ మర్చిపోకండి.

ప్రశ్న (అదే తండ్రి): మిషన్ పోతే అండీ? మా పాప మొన్న బస్సు కిటికీలోంచి పారేసింది. దొరికింది, అదృష్టం.

పిల్లలన్నాక పారేస్తారు. (నవ్వులు) పోగొట్టుకోవడం వారంటీలోకి రాదు. ప్రాసెసర్‌కి విడిగా బీమా చేయించవచ్చు, కొన్ని ఇంప్లాంట్ కంపెనీలే ఏర్పాటు చేసి పెడతాయి. ప్రీమియం కాస్త ఎక్కువే అనిపిస్తుంది, కానీ ఐదేళ్ల లోపు పిల్లలకు నేనైతే చేయిస్తాను. చెవికి కట్టే క్లిప్పు, దారం తక్కువ ఖరీదే, అది ఇవాళే కొనండి. సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. పోతే పోలీస్ స్టేషన్‌లో రాయించిన కాగితం లేకుండా బీమా వాళ్లు కదలరు.

టైమ్ అయిపోయిందని చెప్తున్నారు. రిపోర్టులు, రిజెక్ట్ లెటర్లు తెచ్చుకున్నవాళ్లు భోజనాలయ్యాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గరికి రండి. నేను సాయంత్రం దాకా ఉంటాను. పాలసీ పుస్తకం మొత్తం తెచ్చారుగా, మొదటి పేజీ జిరాక్స్ ఒక్కటి తెస్తే నాకేమీ తెలియదు.